5, 2 కలిస్తే ఒకచోట 52, ఇంకోచోట సున్నా: డేటా ఫార్ములాల్లో బిట్ లెక్కల తికమక

సంక్షిప్తంగా: చాలా అవును-కాదు జవాబులను ఒకే సంఖ్యలో మూటగట్టి, కావాల్సినప్పుడు విప్పుకునే పద్ధతే బిట్ లెక్క. రైలు నడిచే రోజులు, ఉపగ్రహ చిత్రంలో మబ్బు గుర్తులు, సరుకు నాణ్యత కోడ్‌లు ఇలా మూటగా వస్తుంటాయి. చిక్కు రెండుచోట్ల వస్తోంది. ఒకే గుర్తుకు ఒక్కో సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో అర్థం ఉండడం మొదటిది. కోడ్‌ను మామూలు సంఖ్య అనుకుని కూడికలు, సగటులు తీయడం రెండోది. మూటగా వచ్చిన డేటాను విప్పడానికి ఈ లెక్క తప్పనిసరి. కొత్తగా మూట కట్టడం మాత్రం చాలా సందర్భాల్లో అక్కర్లేని పని.

గుంటూరు బ్రాడీపేటలోనో విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గరో డేటా అనలిటిక్స్ కోర్సులో చేరినవారు మామూలుగా ముందు ఎక్సెల్, తర్వాత డేటాబేస్‌లను ప్రశ్నలడిగే భాష ఎస్‌క్యూఎల్, ఆ తర్వాత ప్రోగ్రాములు రాసే భాష పైథాన్ నేర్చుకుంటారు. మొదటి మెట్టు మీద నేర్చుకున్న గుర్తులు మూడో మెట్టు ఎక్కేసరికి అర్థం మార్చుకుంటాయి. ఎక్సెల్ సెల్‌లో =5&2 అని కొడితే 52 వస్తుంది, ఎందుకంటే అక్కడ & గుర్తు రెండు మాటలను పక్కపక్కన అతికిస్తుంది. అదే 5&2 పైథాన్‌లో రాస్తే సున్నా. గుర్తు వదిలేసి యాండ్ అనే మాట వాడినా తేడా పోదు. ఎక్సెల్‌లో =యాండ్(5,2) అంటే ట్రూ వస్తుంది, పైథాన్‌లో 5 యాండ్ 2 అంటే 2 వస్తుంది. ఒక్క ప్రశ్నకు నాలుగు జవాబులు, నాలుగూ ఆయా చోట్ల సరైనవే. (ఈ వ్యాసంలో ఫంక్షన్ల పేర్లు తెలుగు లిపిలో ఉన్నాయి. షీట్‌లో వాటిని ఇంగ్లీషు అక్షరాల్లోనే టైప్ చేయాలి.)

సున్నా రావడంలో తప్పేమీ లేదని అర్థం కావాలంటే, కంప్యూటర్ ఆ రెండు సంఖ్యలను ఎలా చూస్తుందో తెలియాలి.

## అణా, బేడ, పావలా

1957 ఏప్రిల్‌లో నయాపైసలు వచ్చేవరకూ రూపాయికి పదహారణాలు. అణా ఒకటి, బేడ అంటే రెండణాలు, పావలా నాలుగు, అర్ధరూపాయి ఎనిమిది. ఒక్కో నాణెం కిందటిదానికి రెట్టింపు. జేబులో ఒక్కో రకం నాణెం ఒక్కటే ఉందనుకుంటే, సున్నా నుంచి పదిహేనణాల వరకూ ఏ మొత్తాన్నైనా ఇవ్వచ్చు, అదీ ఒకే ఒక్క విధంగా. పదకొండణాలు ఇవ్వాలంటే అర్ధరూపాయి, బేడ, అణా తీయాల్సిందే, ఇంకో దారి లేదు. అందుకే చేతిలో పదకొండణాలు పడ్డాయని తెలిస్తే చాలు, అందులో పావలా లేదని చూడకుండానే చెప్పొచ్చు.

బిట్ లెక్క మొత్తం ఈ ఒక్క గుణం మీదే నడుస్తుంది. ఒక్కో నాణెం ఒక్కో ప్రశ్న. నాణెం ఉంటే అవును, లేకపోతే కాదు. ఇలాంటి ఒక్కో అవును-కాదునే బిట్ అంటారు. అన్నీ కలిపిన మొత్తం ఒకే సంఖ్యగా సెల్‌లో కూర్చుంటుంది. 5 అంటే పావలా, అణా. 2 అంటే బేడ. రెండింటిలోనూ ఉమ్మడిగా ఉన్న నాణెం ఏదని అడిగితే ఏదీ లేదు, అందుకే సున్నా. ఉమ్మడి నాణేలను అడిగే ఫంక్షన్ బిట్‌యాండ్. రెండింట్లో ఎక్కడున్నా సరే అని అడిగేది బిట్ఆర్. రెండింట్లో ఏదో ఒక్కదాంట్లో మాత్రమే ఉన్నవాటిని అడిగేది బిట్ఎక్స్ఆర్. నాణేలన్నింటినీ ఒక మెట్టు పైకి జరిపితే (అణా బేడవుతుంది, బేడ పావలా అవుతుంది) బిట్ఎల్‌షిఫ్ట్, కిందికి జరిపితే బిట్ఆర్‌షిఫ్ట్. ఈ ఐదూ ఎక్సెల్‌లోకి 2013 వెర్షన్‌తో వచ్చాయి. గూగుల్ షీట్స్‌లోనూ, లిబ్రే ఆఫీస్ కాల్క్‌లోనూ ఇవే పేర్లతో ఉన్నాయి.

బిట్ అనే మాటను 1948లో క్లాడ్ షానన్ తన వ్యాసంలో వాడి, ఆ పదం జాన్ ట్యూకీదని చెప్పారు. డేటా విశ్లేషణ అనేది గణాంకశాస్త్రంలో ఒక మూల కాదని, అదే ఒక శాస్త్రమని 1962లో గట్టిగా వాదించినవారు కూడా ఆ ట్యూకీనే. రెండు మాటల వెనకా ఒకే మనిషి ఉండడం గుర్తుంచుకోదగ్గ విషయం.

## విజయవాడ జంక్షన్: వారంలో ఏ రోజులు?

బిట్ లెక్క అసలు బలం కనిపించేది వారాల రోజుల దగ్గర. విజయవాడ జంక్షన్ మీదుగా చెన్నై, హౌరా, ఢిల్లీ దారుల్లో వెళ్లే రైళ్లలో కొన్ని రోజూ నడుస్తాయి, కొన్ని వారానికి ఒకటి రెండు రోజులే. వీటి పట్టిక తయారు చేయాలంటే ఒక్కో రైలుకు ఏడు కాలమ్‌లు పెట్టొచ్చు, లేదా ఒకే సంఖ్య పెట్టొచ్చు. సోమవారానికి 1, మంగళవారానికి 2, బుధవారానికి 4, గురువారానికి 8, శుక్రవారానికి 16, శనివారానికి 32, ఆదివారానికి 64. సోమ, బుధ, శుక్రవారాల్లో నడిచే రైలు కోడ్ 1+4+16, అంటే 21. రోజూ నడిచేదానికి 127.

ఎ2 సెల్‌లో ఈ కోడ్ ఉంటే, ఆ రైలు శుక్రవారం ఉందా అన్న ప్రశ్నకు =బిట్‌యాండ్(ఎ2,16)>0 అన్న ఫార్ములా జవాబిస్తుంది. శని, ఆదివారాల్లో ఏదో ఒకరోజు ఉందా అంటే 16 బదులు 96 పెట్టాలి. రెండు రోజులూ తప్పకుండా ఉండాలంటే >0 తీసేసి =96 అనాలి. ఈ చిన్న తేడాలో చాలామంది పొరబడతారు. >0 అంటే ఏదైనా ఒకటి, =96 అంటే అన్నీ. పక్కపక్కన పెట్టి ఒకసారి చేత్తో చూసుకుంటే మళ్లీ మరిచిపోరు.

రెండు రైళ్ల కోడ్‌లకు బిట్‌యాండ్ చేస్తే రెండూ ఒకే రోజున దొరికే రోజులు వస్తాయి. విజయవాడలో దిగి వేరే రైలు మారాలనుకునేవారికి కావాల్సింది ఇదే. ఒక దారిలోని రైళ్ల కోడ్‌లన్నింటికీ బిట్ఆర్ చేసి 127 వస్తే, ఆ దారిలో ప్రతిరోజూ ఏదో ఒక బండి ఉన్నట్టు. 127 రాకపోతే, వచ్చినదాన్ని 127తో బిట్ఎక్స్ఆర్ చేస్తే బండి లేని రోజులు బయటపడతాయి. వారానికి ఎన్ని రోజులో లెక్కపెట్టే ఫంక్షన్ ఎక్సెల్‌లో నేరుగా లేదు. డెక్2బిన్‌తో కోడ్‌ను ఒకట్లు, సున్నాలుగా మార్చి, సబ్‌స్టిట్యూట్‌తో సున్నాలు తుడిచేసి, మిగిలినదాని పొడవును లెన్‌తో కొలిస్తే సరిపోతుంది. 21ని ఇలా మారిస్తే 10101 వస్తుంది. సున్నాలు తీసేస్తే మూడు ఒకట్లు, అంటే మూడు రోజులు.

ఏడు కాలమ్‌లతో విసుగు పుట్టించే పని ఇంకొకటి ఉంది, అది ఇక్కడ ఒక్క ఫార్ములాతో తేలిపోతుంది. టైమ్‌టేబుల్‌లో రాసే రోజులు సాధారణంగా బండి బయలుదేరే స్టేషన్‌వి. సాయంత్రం ఎక్కడో బయలుదేరి అర్ధరాత్రి దాటాక విజయవాడ చేరే బండికి ఇక్కడి రోజు ఒకటి ముందుకు జరుగుతుంది. బుధ, ఆదివారాల్లో బయలుదేరే బండి (4+64=68) విజయవాడకు గురు, సోమవారాల్లో వస్తుంది. కోడ్‌ను ఒక మెట్టు పైకి జరిపితే బుధవారం గురువారమవుతుంది. ఆదివారం మాత్రం ఎనిమిదో గడిలోకి, అంటే లేని రోజులోకి వెళ్లిపోతుంది. దాన్ని తెచ్చి సోమవారం గడిలో కూర్చోబెట్టాలి. అందుకు ఫార్ములా ఇది:

=బిట్ఆర్(బిట్‌యాండ్(బిట్ఎల్‌షిఫ్ట్(ఎ2,1),127), బిట్ఆర్‌షిఫ్ట్(ఎ2,6))

68ని ఒక మెట్టు జరిపితే 136. 127తో బిట్‌యాండ్ చేస్తే బయటికి పోయిన ఆదివారం రాలిపోయి 8 మిగులుతుంది, అది గురువారం. ఇటు 68ని ఆరు మెట్లు కిందికి దించితే 1, అది సోమవారం. రెండూ కలిస్తే 9. రైలు రోజులకే కాదు, రాత్రి షిఫ్టుల హాజరు పట్టికలకూ, తెల్లవారుజామున ముగిసే డ్యూటీలకూ ఇదే ఫార్ములా పనికొస్తుంది.

## కూడితే ఏమవుతుంది?

కోడ్ తయారు చేసేటప్పుడు 1+4+16 అని కూడుతున్నాం కాబట్టి, ఎప్పుడైనా కూడొచ్చు అనుకోవడం సహజం. ఒక్కో నాణెం ఒక్కసారే పడుతుందని గ్యారంటీ ఉన్నంతవరకే ఆ కూడిక చెల్లుతుంది.

గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టు తన లాట్ల పట్టికలో ఇలాంటి కోడ్ పెట్టుకుందని అనుకుందాం. తేమ ఎక్కువైతే 1, తాలు కాయ కలిస్తే 2, రంగు తగ్గితే 4, కోల్డ్ స్టోరేజీ నుంచి వచ్చిన ఏసీ సరుకైతే 8. పొద్దున మచ్చు చూసిన గుమాస్తా ఒక లాటుకు తేమ, రంగు రెండూ ఉన్నాయని 5 వేశాడు. మధ్యాహ్నం ఇంకొకరు అదే లాటు చూసి, రంగు తగ్గిందని ఇంకో 4 కలిపారు. కోడ్ 9 అయింది. 9 అంటే 8+1: తేమ ఉన్న ఏసీ సరుకు. రంగు లోపం పట్టికలోంచి మాయమైంది, కళ్లం నుంచి నేరుగా వచ్చిన కాయ కోల్డ్ స్టోరేజీ కాయగా మారిపోయింది. ఎక్కడా ఎర్రర్ రాదు, ఏ సెల్లూ ఎర్రబడదు. రేటు తేల్చేటప్పుడు ఈ పట్టిక చూసేవారికి అది తప్పని తెలిసే దారే లేదు. అదే కూడిక బదులు =బిట్ఆర్(5,4) వాడి ఉంటే 5 అలాగే 5గా నిలిచేది. ఉన్న నాణేన్ని మళ్లీ వేసినా బిట్ఆర్‌లో మొత్తం మారదు.

వరసలను గుంపులు చేసి మొత్తాలు చూపే పివట్ టేబుల్‌లో జరిగేదీ ఇదే పొరపాటు, ఇంకాస్త పెద్ద ఎత్తున. ఒక రైతు తెచ్చిన మూడు లాట్లకు కోడ్‌లు 1, 1, 4 అనుకుంటే, పివట్‌లో సమ్ వేస్తే 6 వస్తుంది. 6 అంటే తాలు, రంగు. తాలు ఏ లాటులోనూ లేదు, ఉన్న తేమ కనిపించదు. మ్యాక్స్ వేస్తే 4, అందులోనూ తేమ లేదు. సరైన జవాబు 5, అది బిట్ఆర్‌తోనే వస్తుంది. డేటాబేస్‌లలో ఇందుకు గుంపు మొత్తానికి ఒకేసారి పనిచేసే ఫంక్షన్లు ఉన్నాయి. మైఎస్‌క్యూఎల్‌లోనూ పోస్ట్‌గ్రెస్‌లోనూ బిట్_ఆర్, బిట్_యాండ్ అనేవి సమ్, మ్యాక్స్ లాగే గ్రూప్ బై తో కలిసి నడుస్తాయి.

నిన్నటి కోడ్‌కూ ఇవాళ్టి కోడ్‌కూ తేడా చూడాలంటే తీసివేత కూడా పనికిరాదు. నిన్న 9, ఇవాళ 12 అయితే తీసివేతలో 3 వస్తుంది, దానికి అర్థం లేదు. బిట్ఎక్స్ఆర్ చేస్తే 5 వస్తుంది, అంటే మారినవి 4, 1 గుర్తులు. ఆ 5ను ఇవాళ్టి 12తో బిట్‌యాండ్ చేస్తే 4, అది కొత్తగా చేరినది. నిన్నటి 9తో చేస్తే 1, అది పోయినది.

## ఒకే గుర్తు, అనేక అర్థాలు

గుర్తుల గందరగోళంలో & కన్నా ^ మరింత ప్రమాదకరం. ఎక్సెల్‌లో 5^2 అంటే ఐదు వర్గం, 25. పైథాన్‌లో, మైఎస్‌క్యూఎల్‌లో, ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో అది ఎక్స్ఆర్, జవాబు 7. పోస్ట్‌గ్రెస్‌లో మళ్లీ 25, అక్కడ ఎక్స్ఆర్‌కు # గుర్తు వాడతారు. వడ్డీ మీద వడ్డీ లెక్కను ఎక్సెల్ నుంచి పైథాన్‌కు మార్చేటప్పుడు ^ ను అలాగే వదిలేస్తే, దశాంశాలుంటే ఎర్రర్ వచ్చి కాపాడుతుంది. పూర్ణాంకాలైతే నమ్మేలా కనిపించే తప్పు సంఖ్య వస్తుంది.

అన్నింటికన్నా వింతైనది ఒకే ఎక్సెల్ ఫైలులో కనిపిస్తుంది. షీట్ సెల్‌లో యాండ్(5,2) ట్రూ అని చెప్పాం. ఆ ఫైలు వెనక మాక్రోలు (చిన్న ప్రోగ్రాములు) రాసే వీబీఏ భాషలో 5 యాండ్ 2 అంటే సున్నా, ఎందుకంటే వీబీఏలో యాండ్ బిట్‌లవారీగా పోలుస్తుంది. షీట్‌లో పాసైన షరతు మాక్రోలో ఫెయిలవుతుంది. వీబీఏలో ట్రూ విలువ 1 కాదు, -1. అంటే అన్ని బిట్‌లూ వెలిగి ఉన్న సంఖ్య. ఈ విషయం తెలియకపోతే రోజంతా వెతికినా తప్పెక్కడుందో దొరకదు.

పైథాన్‌లో పట్టికలతో పనిచేయడానికి పాండాస్ అనే లైబ్రరీ వాడేవారికి చిక్కు వేరేచోట. రెండు షరతులు కలపడానికి అక్కడ & వాడాలి, కానీ ఒక్కో షరతుకూ బ్రాకెట్ తప్పనిసరి. రేటు > 15000 & తేమ < 12 అని బ్రాకెట్ లేకుండా రాస్తే, పైథాన్ ముందుగా 15000నూ తేమ కాలమ్‌నూ & తో కలుపుతుంది, ఎందుకంటే అక్కడ & కు పోలిక గుర్తులకన్నా పట్టు ఎక్కువ. ఫలితం ఎర్రర్. సీ భాషలోనూ జావాస్క్రిప్ట్‌లోనూ వరస దీనికి సరిగ్గా తలకిందులు. అక్కడ కోడ్ & 4 == 4 అని రాస్తే ముందు 4 == 4 తేలుతుంది, అది ఒకటి, ఆ తర్వాత కోడ్ & 1 జరుగుతుంది. రంగు గురించి అడిగితే తేమ గురించి జవాబొస్తుంది. గూగుల్ షీట్స్ వెనక యాప్స్ స్క్రిప్ట్ రాసేవారు వాడేది జావాస్క్రిప్టే కాబట్టి ఇది షీట్లతో పనిచేసేవారికీ తగిలే దెబ్బ.

సీ భాషలో ఈ వరస ఇలా ఉండడానికి చరిత్రే కారణం. దానికి ముందున్న బీ భాషలో షరతులకూ బిట్‌లకూ ఒకే & ఉండేది. 1970ల తొలినాళ్లలో && వేరుపడినప్పుడు, అప్పటికే రాసిన ప్రోగ్రాములు చెడిపోకూడదని & పాత వరసలోనే ఉండిపోయిందని సీ రూపకర్త డెనిస్ రిచీ తర్వాత వివరించారు. అప్పటి జాగ్రత్త ప్రభావం ఇప్పటికీ ఎన్నో భాషల్లో కొనసాగుతోంది.

కాదు అని చెప్పే ~ గుర్తు సంగతీ చూడాలి. పైథాన్‌లో, పోస్ట్‌గ్రెస్‌లో ~5 అంటే -6. మైఎస్‌క్యూఎల్‌లో అదే 18446744073709551610, ఎందుకంటే అది 64 బిట్‌లన్నింటినీ తిప్పి ధనసంఖ్యగా చూపిస్తుంది. ఎక్సెల్‌లో ఈ ఫంక్షనే లేదు. ఏడు రోజుల కోడ్‌ను తిప్పాలంటే పైన చెప్పినట్టు 127తో బిట్ఎక్స్ఆర్ చేయడమే. పాండాస్‌లో ట్రూ, ఫాల్స్ కాలమ్ మీద ~ చక్కగా పనిచేస్తుంది. కానీ రెండు పట్టికలు కలిపాక మధ్యలో ఖాళీలు వస్తే ఆ కాలమ్ రకం మారిపోతుంది. ఆ ఖాళీలు పూరించినా రకం పాతదిగా మారకపోతే ~ట్రూ కాస్తా -2, ~ఫాల్స్ -1 అవుతాయి. షరతుగా చూస్తే రెండూ అవునే. 3.12 వెర్షన్ నుంచి పైథాన్, ట్రూ-ఫాల్స్‌ల మీద ~ వాడితే హెచ్చరిక ఇస్తోంది.

## బెజవాడ మీద మంచు

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్ పరిసరాలు మునిగాయి. ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది. అలాంటి సమయంలో ఎంత నేల నీటికింద ఉందో ఉపగ్రహ చిత్రాల నుంచి తేల్చాలనుకునే విద్యార్థికి మొదట ఎదురయ్యేది ఒక వింత సంఖ్యల పొర. ల్యాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రాలతోపాటు నాణ్యత పొర ఒకటి వస్తుంది. అందులో 30 మీటర్ల చదరపు గడి ఒక్కోదానికి ఒక 16 బిట్‌ల సంఖ్య ఉంటుంది. మబ్బు లేని నేలకు 21824, మబ్బు లేని నీటికి 21952, దట్టమైన మబ్బుకు 22280 లాంటి సంఖ్యలు కనిపిస్తాయి.

ఇవి కొలతలు కావు, మూటలు. ఇప్పుడు వాడుకలో ఉన్న కలెక్షన్ 2 పద్ధతిలో కింది నుంచి లెక్కపెడితే 8 విలువగల బిట్ మబ్బుకు, 16 మబ్బు నీడకు, 32 మంచుకు, 64 నిర్మలంగా ఉందనడానికి, 128 నీటికి. 21952లోంచి 21824 తీసేస్తే మిగిలే 128 అదే నీటి గుర్తు. =బిట్‌యాండ్(ఎ2,128)>0 అంటే నీరు, =బిట్‌యాండ్(ఎ2,24)=0 అంటే మబ్బూ లేదు, దాని నీడా లేదు. వరద అంచనాలో రెండో షరతే ముఖ్యం. మబ్బు కప్పిన గడిలో నీటి గుర్తు లేకపోతే, అక్కడ నీరు లేదని కాదు, నీరుందో లేదో ఉపగ్రహానికి కనపడలేదని అర్థం. వానాకాలంలో కృష్ణా తీరం మీద ఈ రెండింటినీ కలిపేస్తే ముంపు విస్తీర్ణం ఉన్నదానికన్నా బాగా తక్కువగా తేలుతుంది.

పై బిట్‌లలో ఇంకో రకం మూట ఉంది. అక్కడ ఒక్కో జవాబుకు ఒక బిట్ కాదు, రెండేసి బిట్‌లు. మబ్బు ఉందన్న నమ్మకం ఎంత అనేదానికి 0 నుంచి 3 వరకూ విలువ. దాన్ని తీయాలంటే ముందు ఎనిమిది మెట్లు కిందికి దించి, తర్వాత 3తో బిట్‌యాండ్ చేయాలి: =బిట్‌యాండ్(బిట్ఆర్‌షిఫ్ట్(ఎ2,8),3). 22280కి ఈ ఫార్ములా 3 ఇస్తుంది, అంటే ఎక్కువ నమ్మకం. 21824కి 1, తక్కువ. రైలు రోజుల్లా ఒక్క బిట్ చూసే అలవాటుతో ఇక్కడ >0 అని పెడితే నిర్మలమైన నేల కూడా మబ్బు కింద జమవుతుంది.

ఇక సగటు సంగతి. పక్కపక్కన రెండు గడులు, ఒకటి నిర్మలమైన నేల 21824, రెండోది మబ్బు 22280. రెండింటి సగటు 22052. ఈ సంఖ్యను విప్పితే 16384, 4096, 1024, 512, 32, 4 వస్తాయి. అందులో 32 మంచు గుర్తు. విజయవాడ మీద మంచు కురిసిందని పట్టిక చెబుతుంది. ఇది కేవలం ఊహ కాదు. చిత్రాన్ని పెద్దది చేసేటప్పుడో, వేరే మ్యాపుకు సరిపెట్టేటప్పుడో సాఫ్ట్‌వేర్ పక్క గడుల సగటు తీసే పద్ధతి వాడితే జరిగేది సరిగ్గా ఇదే. అందుకే నాణ్యత పొరకు మాత్రం దగ్గరి గడి విలువను యథాతథంగా తీసుకునే పద్ధతిని ఎంచుకోవాలి. ఫోటో పొరలకు సగటు బాగానే పనిచేస్తుంది కాబట్టి, అన్ని పొరలకూ ఒకే సెట్టింగ్ పెట్టడం దగ్గరే తప్పు మొదలవుతుంది.

## హద్దులు

ఎక్సెల్, గూగుల్ షీట్స్‌లలో బిట్ ఫంక్షన్లు 281474976710655 వరకే పనిచేస్తాయి, అంటే 48 బిట్‌లు. రుణసంఖ్య ఇచ్చినా, ఎక్సెల్‌లో దశాంశం ఇచ్చినా నమ్ (#NUM!) ఎర్రర్. డెక్2బిన్ హద్దు ఇంకా చిన్నది, 511 దాటితే పనిచేయదు. జావాస్క్రిప్ట్‌లో బిట్ లెక్కలు 32 బిట్‌లకే పరిమితం, పైగా 2147483648 నుంచి రుణసంఖ్యలుగా మారతాయి. షీట్‌లో సరిగ్గా వచ్చిన ఫార్ములా స్క్రిప్ట్‌లోకి మార్చగానే తప్పడానికి ఇది ఒక కారణం.

డేటాబేస్‌లోని 64 బిట్‌ల కోడ్‌లను సీఎస్‌వీగా దించి ఎక్సెల్‌లో తెరిస్తే ఇంకో నష్టం ఉంది. ఎక్సెల్ పదిహేను అంకెలనే దాచుకుంటుంది, ఆ తర్వాతి అంకెలను సున్నాలు చేస్తుంది. పోయేవి చివరి అంకెలు, అంటే కింది బిట్‌లు. చాలా పట్టికల్లో మొదట పెట్టుకున్న ముఖ్యమైన గుర్తులు ఉండేది అక్కడే. అలాంటి కాలమ్‌ను టెక్స్ట్‌గా తెరవాలి, లేదా డేటాబేస్‌లోనే విప్పి తెచ్చుకోవాలి.

బిట్ ఫంక్షన్లు లేని ఎక్సెల్ 2007, 2010లలో =మాడ్(ఇంట్(ఎ2/4),2) అన్న ఫార్ములా 4 గుర్తు ఉందో లేదో చెబుతుంది. ఉంటే 1, లేకపోతే 0. అర్థం అదే: నాలుగుతో భాగించి, వచ్చినది సరియా బేసా అని చూడడం.

## మూట కట్టాలా, వద్దా?

ఒకప్పుడు దీనికి బలమైన కారణం చోటు. ఏడు కాలమ్‌లకు బదులు ఒక్కటే ఉంటే ఫైలు చిన్నదయ్యేది. ఇప్పుడు ఆ అవసరం చాలావరకు తగ్గింది. పార్కే వంటి ఫైలు పద్ధతులు ట్రూ-ఫాల్స్ కాలమ్‌లను తమంతట తామే ఒక్కో బిట్‌గా సర్దుకుంటాయి. మనిషి కూర్చుని మూట కట్టక్కర్లేదు.

వేగం విషయం మరోలా ఉంటుంది. బిట్ లెక్కలు కంప్యూటర్‌కు చాలా తేలిక. 64 వరసల అవును-కాదులను ఒక్క ఆదేశంతో పోల్చగలదు. పెద్ద డేటాబేస్‌లు బిట్‌మ్యాప్ ఇండెక్సులు వాడేది అందుకే, కానీ ఆ పని అవి లోపల చేసుకుంటాయి. మనం కాలమ్‌లో కోడ్ పెట్టి, కోడ్ & 4 <> 0 అని వెతికితే, ఆ కాలమ్ మీద ఉన్న మామూలు ఇండెక్సు ఉపయోగపడదు. ఇండెక్సు సంఖ్యలను పెద్దాచిన్నా వరసలో సర్దుతుంది. 4 గుర్తున్న సంఖ్యలు 4, 5, 6, 7, తర్వాత 12 నుంచి 15, ఇలా అక్కడక్కడా చెదిరి ఉంటాయి. కాబట్టి పట్టిక మొత్తం చదవాల్సి వస్తుంది. జవాబు సరైనదే వస్తుంది, ఆలస్యంగా వస్తుంది.

ఇవన్నీ చూస్తే మూట కట్టడం నిజంగా కలిసొచ్చేది మూటను మొత్తంగా కదిపే పనుల్లో: రైలు రోజులను జరపడం, రెండు పట్టికల ఉమ్మడి రోజులు తీయడం, నిన్నటికీ ఇవాళ్టికీ మార్పు పట్టడం. మిర్చి యార్డు పట్టిక లాంటివాటికి నాలుగు విడి కాలమ్‌లే మేలు. చూసేవారికి కంటికి కనిపిస్తుంది, ఫిల్టర్ పెట్టుకోవచ్చు, పొరపాటున రెండుసార్లు టిక్ చేసినా ఏమీ కాదు.

బయటి నుంచి మూటగా వచ్చిన డేటాను మాత్రం విప్పక తప్పదు. అప్పుడు అసలు కోడ్ కాలమ్‌ను ముట్టుకోకుండా ఉంచి, విప్పిన కాలమ్‌లను పక్కన పెట్టి, ఏ విలువకు ఏ అర్థమో తేదీతో సహా వేరే షీట్‌లో రాసుకోవాలి. తేదీ ఎందుకంటే అర్థాలు మారతాయి. ల్యాండ్‌శాట్ 8 పాత కలెక్షన్ 1 పద్ధతిలో 16 విలువగల బిట్ మబ్బుది. 2020 డిసెంబరులో వచ్చిన కలెక్షన్ 2లో మబ్బు 8కి మారింది, 16 మబ్బు నీడకు వెళ్లింది. పాత ఫార్ములాను కొత్త చిత్రాల మీద అలాగే నడిపితే మబ్బులన్నీ లెక్కలో ఉండిపోతాయి, వాటి నీడలు మాత్రమే తొలగిపోతాయి. =బిట్‌యాండ్(ఎ2,16) ఆ రోజూ పనిచేసింది, ఇప్పుడూ ఎర్రర్ లేకుండా పనిచేస్తుంది. తేడా తెలిసేది పక్క షీట్‌లో ఎవరైనా ఆ తేదీ రాసి ఉంచితేనే.